గల్ఫ్ ఒప్పందాల్లో వసతి, భోజనాల విలువ రాయించాలని వినతిపత్రం

గౌరవనీయులైన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ గారికి,
విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ, హైదరాబాద్.

విషయం: ఉద్యోగ ఒప్పందాల్లో, జీతం సర్టిఫికెట్లలో కంపెనీ ఇచ్చే సౌకర్యాలను విలువతో సహా నమోదు చేయించుట గురించి.

అయ్యా,

ఆబిడ్స్, నాంపల్లి నుంచి గల్ఫ్‌కు వెళ్లి పనిచేస్తున్న వారి కుటుంబ సభ్యులం విన్నవించుకునేది ఏమనగా:

యూఏఈ 2019లో కుటుంబ వీసా నిబంధన మార్చింది. చేసే పని ఏదైనా నెలకు 4,000 దిర్హాముల జీతమో, లేదా 3,000 దిర్హాముల జీతంతోపాటు వసతో ఉంటే భార్యాపిల్లలను తీసుకెళ్లవచ్చు. కంపెనీ ఇల్లు కూడా సంపాదనలో భాగమేనని ఆ దేశం ఒప్పుకున్నట్టే. అయినా మావాళ్ల చేతికొచ్చే సర్టిఫికెట్‌లో "బేసిక్ 3,000" అన్న ఒక్క ముక్కే ఉంటోంది. ఇంటి సంగతి రాయమంటే యాజమాన్యాలు దాటవేస్తున్నాయి. నాంపల్లి హజ్‌హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుంచి పెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆబిడ్స్‌లో ఏజెంట్లకు డబ్బు కట్టి అటెస్టేషన్ చేయించుకుని, పిల్లల టీసీలు సైతం తీసుకున్న ఆడవాళ్లు ఆ ఒక్క వాక్యం లేక ఇక్కడే ఆగిపోతున్నారు.

ఇది మేము కొత్తగా అడుగుతున్నది కాదు. మన దేశానికి ఉద్యోగ వీసాపై వచ్చే విదేశీయులకు ఏడాది కనీస జీతం లెక్కగట్టేటప్పుడు, ఆదాయపు పన్ను లెక్కలోకి వచ్చే ఉచిత వసతి వంటి సౌకర్యాలను కలుపుకోవచ్చని, వాటి విలువను ఒప్పందంలో విడిగా చూపాలని మన హోం శాఖే వివరణ ఇచ్చింది. సౌకర్యాల విలువను విడిగా చూపే ఈ పద్ధతి వచ్చేవారికి ఉన్నట్టే వెళ్లేవారికీ ఉండాలి.

అదే సమయంలో ఇది సౌకర్యాల సాకుతో జీతం కోయడానికి దారి తీయకూడదు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించి, కార్మికుల పోరాటం తర్వాత 2021 జూలైలో ఉపసంహరించుకున్న సంగతి తమకు తెలిసిందే. యూఏఈలో గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్కిస్తారు. బేసిక్ తగ్గిస్తే ఇన్నేళ్ల కష్టానికి చివర్లో వచ్చే సొమ్ముకూ గండి పడుతుంది.

కావున మా కోరికలు:

1. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదయ్యే ప్రతి ఒప్పందంలో బేసిక్, వసతి, భోజనం, రవాణా వేర్వేరు వరుసల్లో, విలువతో ఉండాలి.
2. ఇచ్చేది కుటుంబం ఉండదగిన ఇల్లా, క్యాంపులో ఒక మంచమా అన్నది స్పష్టంగా రాయాలి. మంచాన్ని ఇల్లుగా చూపనివ్వకూడదు.
3. కనీస వేతనం పూర్తిగా నగదుగానే ఉండాలి. సౌకర్యాల విలువ దానికి అదనం కావాలి.
4. కార్మికుడు అడిగినప్పుడు ఇవే వివరాలతో జీతం సర్టిఫికెట్ ఇచ్చేలా అబుదాబి రాయబార కార్యాలయం, దుబాయ్ కాన్సులేట్ ద్వారా యాజమాన్యాలతో మాట్లాడించాలి.

మావాళ్లు కష్టపడి సంపాదించినదంతా కాగితం మీద కనబడేలా చేసి, అర్హత ఉన్న కుటుంబాలు ఒక్కచోట బతికే వీలు కల్పించాలని ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
తమ విధేయులు,
గల్ఫ్ కార్మికుల కుటుంబ సభ్యులు,
ఆబిడ్స్ – నాంపల్లి, హైదరాబాద్.