పట్టా గలవాడు, పట్టాలు వేసినవాడు

వంశచరిత్రము రాజులకును జమీందారులకును మాత్రమే కలదనియు, కూలివానికి తాతపేరు తెలిసిన చాలుననియు తలంచువారు మనలో నేటికిని కలరు. ఆ తలంపు ఎంత అన్యాయమో బిలాసపురపు రైల్వే కాలనీలో ఒక్కదినము గడపినవారికి బోధపడును.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడినది. దానివెంట శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి తెలుగువారు వచ్చి ఇచట పట్టాలు వేసిరి, బొగ్గు మోసిరి, ఇంజనులు నడిపిరి. తరములు గడచెను. నేడు ఛత్తీసగఢమున కుల ధ్రువపత్రము కోరు షెడ్యూల్డు కులమువాడు 1950 నాటికే తన పూర్వులు ఇచట నివసించిరని చూపవలెను. అందులకు సాధారణముగ అడుగునది మిసల్, అనగా పాత భూమి బందోబస్తు దస్త్రము. అందు పట్టా గలవానికి పేరు కలదు. పట్టాలు వేసినవానికి లేదు. నేల దున్నినవాడు పూర్వులు గలవాడు, ఇనుము మోసినవాడు నిన్న ఊడిపడినవాడు! ఇదెక్కడి లెక్క?

హాలెండు దేశమును చూడుడు. అచట 1850 నుండి పురపాలకములు జనాభా చిట్టాలు ఉంచినవి. ఇంటిలోని వారందరి పేర్లు, పుట్టిన తేది, తావు, మతము, వృత్తి, ఏ ఊరినుండి వచ్చిరి, ఏ ఊరికి పోయిరి, అన్నియు అందు కలవు. ఇంటి పనికత్తెయు విడువబడలేదు. కనుకనే అచటి సామాన్యుడు తన ముత్తాత జాడను ఊరూర వెదకి పట్టగలుగుచున్నాడు.

“ఆ చిట్టాలే నాజీలకు యూదులను పట్టియిచ్చినవి గదా” యని కొందరాక్షేపింతురు. నిజమే. ఆ దేశపు యూదులలో లక్షమందికి పైగా హతులైరి. 1943 మార్చి 27న ప్రతిఘటన వీరులు ఆమ్‌స్టర్‌డాం చిట్టాల కార్యాలయమునకు నిప్పు పెట్టిరి. ఇందువలన తేలునదేమి? బ్రదికియున్నవాని వివరములకు కావలి యుండవలెనని. అంతేకాని గతించినవాని వివరములను చెదలకు విడువవలెనని కాదు.

మన జనగణన పత్రములు 1948 నాటి చట్టముచేత ఎవరికిని చూపబడవు, సాక్ష్యముగ చెల్లవు. ఇక రైల్వే కూలివాని మనుమనికి మిగిలిన గట్టి ఆధారము తాతగారి సర్వీసు రిజిస్టరే. అందు తండ్రిపేరు, పుట్టిన తేది, స్వగ్రామము, పనిచేసిన తావులు ఉండును. ప్రభుత్వ దస్త్రములను పరిశీలింపక నాశనము చేయరాదని 1993 నాటి చట్టము శాసించుచున్నది. ఆ శాసనము మాటలలో నిలిచిన చాలదు. పాత రిజిస్టరులను వరుసపెట్టి భద్రపరుపవలెను, సంతతివారికి చూపవలెను, మిసల్‌తో సమానముగ సాక్ష్యమునకు స్వీకరింపవలెను.

మేము కోరునది దయ కాదు. మా తాతలు చేసిన పనికి దొరతనము తన చేతితోనే వ్రాసికొన్న లెక్క. దానిని చూపుమని అడుగుచున్నాము.