కొంటెబొమ్మల కూలి

బడిపంతులుకు నెల మొదటి తేదీన మొదలగును. రైతుకు కారు తిరిగినప్పుడు మొదలగును. ఏ పత్రికలోను కొలువు లేక, మనుష్యుల ముఖములను కొంటెగా గీచి బ్రదుకు చిత్రకారునకు నెల ఎప్పుడు మొదలగునో చెప్పుట కష్టము. అతని పని పంచాంగము మీదను, పంట ధర మీదను, ఇతరుల మనస్సు మీదను ఆధారపడి యున్నది. మహానగరములలో ఈ సత్యము కొంత మరుగుపడును. ప్రకాశము జిల్లాలోని దర్శి వంటి పట్టణములో అది అరచేతి గీతవలె స్పష్టముగా కనబడును.

ఈ ప్రాంతమున మిరప కోతలు ముగిసి బస్తాలు గుంటూరు యార్డు చేరిన తరువాతనే అనేక గృహములలో శుభకార్యములకు ధైర్యము వచ్చును. 2023లో క్వింటాలు ఇరువది వేల రూపాయలు దాటి పలికిన మిరప, 2025 ఆరంభమున ఎంతగా పడిపోయెననగా, ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్యపు పథకము క్రింద 11,781 రూపాయల ధరను ప్రకటింపవలసి వచ్చెను. ఇట్టి యేట పెండ్లి ఖర్చు తగ్గింపదలచిన తండ్రి విస్తళ్ల జోలికి పోడు, మేళమును మానడు. అతిథుల బొమ్మలు గీయు వానిని మాత్రము వద్దనును. మిరప ధరకును కొంటెబొమ్మకును సంబంధ మేమని అడుగువారికి ఇదియే సమాధానము.

అట్టి చిత్రకారుని మాఘమాస మొకదానిని ఊహించి చూతము. మొదటి వారము ముహూర్తముల కాలము. విందు పందిటిలో ఒక మూల కుర్చీ వేసికొని, వచ్చినవారి ముఖము వచ్చినట్లు గీయవలెను. ముఖమునకు ఆరు నిమిషము లనుకొన్నచో గంటకు పది ముఖములు; మూడు గంటలకు ముప్పది. చేయి తిమ్మిరెక్కును, కన్ను అలయును. రెండవ వారము కానుకల పని. పదవీ విరమణ చేయుచున్న ఉపాధ్యాయునకు శిష్యులు చందా వేసికొని ఆయన కొంటెబొమ్మను బహూకరింపదలతురు. ఫోనులో ఛాయాచిత్రము పంపుదురు. వెంటనే మరియొక సందేశము వచ్చును: ముక్కు కొంచెము చిన్నదిగా వేయవలెను, బట్టతల కనబడరాదు. మూడవ వారమున అతడు ఎవరును అడుగని పని చేయును. వార్తలలోని యొక నాయకుని ముఖమును నాలుగు దినములు పరిశీలించి, పది కాగితములు చింపి, పదునొకండవ దానిని పత్రికకు పంపును. అది అచ్చగునో లేదో తెలియదు. అచ్చయిన పారితోషిక మెప్పుడు వచ్చునో అంతకన్న తెలియదు. నాల్గవ వారము బాకీల వసూలు. దీనికి ఏ కళాశాలలోను శిక్షణ లేదు.

ఈ నాలుగు వారములలో అన్నము పెట్టునవి మొదటి రెండు. వృత్తికి ప్రాణ మిచ్చునది మూడవది. నేటి సమస్య యంతయు ఈ రెంటి నడుమనే యున్నది.

క్యారికేచర్ అను మాటకు మూలమైన ఇటాలియను క్రియకు బరువెక్కించుట యని అర్థము. పదునారవ శతాబ్దపు చివర బొలోన్యా నగరమున కరాచ్చీ సోదరులు ఈ విద్యకు రూపు దిద్దిరని కళాచరిత్రకారులు చెప్పుదురు. ముఖములోని యొక లక్షణముపై బరువు మోపి, మనిషి దాచదలచిన దానిని బయట పెట్టుట ఇందలి కీలకము. ఫ్రాన్సులో దోమియే తన రాజును బంగారము మ్రింగు రాక్షసునిగా గీచినందుకు 1832లో చెరసాల పాలయ్యెను. పోలిక కుదరనిచో ఆ రాజు కోపింపవలసిన పని లేదు. పోలిక మాత్రమే యున్నను కోపింపవలసిన పని లేదు. పోలికలో ఒక తీర్పు కలదు గనుకనే చెరసాల తలుపు తెరచుకొన్నది.

తెలుగున ఈ విద్య పత్రికల నీడను పెరిగినది. తొలి తెలుగు వ్యంగ్యచిత్రకారుడుగా గణన కెక్కిన తలిశెట్టి రామారావు బొమ్మలను 1930 ప్రాంతమున 'భారతి' ప్రచురించెను. అనంతరము బాపు గీత ఇంటింటి గీత యయ్యెను. మోహన్ రాజకీయ ముఖములను ఒక తరమునకు చదువ నేర్పెను. 2014లో పామర్తి శంకర్ గీచిన నెల్సన్ మండేలా రూపమునకు పోర్చుగల్లులోని వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అత్యున్నత బహుమతి లభించెను. ఈ వికాసమునకు ప్రతిభ యొక్కటే కారణము కాదు. తీర్పు చెప్పు బొమ్మకు నెలజీత మిచ్చి, ఆగ్రహించిన వారి నుండి కాపాడుటకు సంపాదకు డొకడు అడ్డు నిలిచిన వ్యవస్థయు కారణము. కొలువులు తగ్గిన కొలది ఆ కవచము తొలగుచున్నది.

ఇంతలో యంత్రము వచ్చినది. 2025 మార్చిలో ఛాయాచిత్రములను జపానుకు చెందిన జిబ్లీ సంస్థ బొమ్మల తీరునకు మార్చు వేడుక లోకమంతట వ్యాపించినది. నేడు ఎవరైనను తమ ముఖమును ఫోనునకు అప్పగించి నిమిషములో కొంటెబొమ్మను పొందవచ్చును. ముక్కు తగ్గింపు మన్నచో యంత్రము నొచ్చుకొనదు. కనుక దెబ్బ మొదట తగులునది రెండవ వారపు కానుకల పనికే. ఆ పనిలో కళ యేమున్నదని తీసివేయరాదు. ముఖస్తుతి బొమ్మల కూలితోనే చిత్రకారుడు మూడవ వారమున నిజము గీయగలుగుచున్నాడు. మొదటిది ఎండినచో రెండవది దానంతట అదియే ఎండును. యంత్రము పోలికను తెచ్చి పెట్టగలదు; ఆ ముఖమును ఏల నవ్వవలెనో నిర్ణయించి, ఆ నిర్ణయమునకు పూచీ వహించుట దాని పని కాదు.

చట్టము తీరును చిత్రకారులు తెలిసికొనవలెను. 1957 నాటి కాపీరైటు చట్టములోని 17వ విభాగము ప్రకారము, ఒకరు కోరి డబ్బిచ్చి గీయించుకొన్న రూపచిత్రమునకు, వేరు ఒప్పందము లేనిచో, మొదటి హక్కుదారు గీయించుకొన్నవారే. పత్రికా ఉద్యోగి గీచినదానిపై యజమానికి పత్రికా ప్రచురణ వరకే హక్కు. తక్కినది, ఒప్పందము వేరుగా లేనిచో, చిత్రకారునిది. ఎవరును కోరక తానై గీచినది పూర్తిగా అతని సొత్తు. అనగా స్వతంత్రుడని పేరు పొందినవాడు కానుకల పనిలో ఉద్యోగి కన్నను తక్కువ హక్కుతో నున్నాడు. హక్కులు చిత్రకారునివే యని ముందుగా ఒక్క వాక్యము వ్రాయించుకొన్నచో ఈ చిక్కు తీరును. హక్కు నిచ్చివేసినను తన కృతికి కర్త తానని చెప్పుకొను అధికారము 57వ విభాగము వలన నిలిచియుండును.

నవ్వునకు దండన భయము కూడ తీరలేదు. 2012లో పశ్చిమ బెంగాలున ఒక ఆచార్యుడు వ్యంగ్యచిత్రమును ఇతరులకు పంపినందుకే అరెస్టయ్యెను. ఇట్టి కేసులలో ప్రయోగింపబడిన 66-ఏ విభాగమును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. కాని తీర్పు ఢిల్లీలో వెలువడినంత మాత్రమున చిన్నపట్టణమున ధైర్యము కలుగదు. అచట చిత్రకారుడును, చిత్రింపబడిన పెద్దమనిషియు ఒకే వీథిలో నడచుదురు; రాబోవు పెండ్లి పని ఆ పెద్దమనిషి ఇంటనే ఉండవచ్చును. చట్టము కన్న ముందుగా బేరమే గీతను అడ్డగించును.

కావలసినది దయ కాదు, పనికి తగిన పిలుపు. పాఠశాలలు వార్షికోత్సవమునకు అలంకరణ చేయించునట్లే, ఏడాదికి రెండు దినములు ఇట్టి చిత్రకారుని రప్పించి, ముఖమును చూచుట ఎట్లో పిల్లలకు చెప్పించవచ్చును. స్థానిక పత్రికలు అచ్చైన నెలలోనే పారితోషిక మీయవచ్చును. పదవీ విరమణ సభల నిర్వాహకులు ముక్కును చిత్రకారుని కన్నునకు విడిచిపెట్టవచ్చును.

దర్శికి పడమటనున్న మార్కాపురపు గనుల రాతిపలకలపై అనేక తరముల తెలుగు పిల్లలు అక్షరములు దిద్దిరి. అక్షరముల ప్రక్కనే పంతులుగారి మీసమును గీచిన కొంటెపిల్లలును ఉండిరి. పలక చూచి చెవి మెలిపెట్టిన పంతుళ్లు పెక్కుమంది. మీసము సరిగా కుదిరినదా యని ఒక్క క్షణము చూచి, తరువాత మెలిపెట్టినవారు కొందరు. ఆ ఒక్క క్షణమే ఈ విద్యకు సమాజ మీయగల జీతము. దాని వెంట కూలియు సకాలమున ముట్టవలెను.