అన్నసమృద్ధియే వ్రతం

లక్ష్మీకటాక్షాన్ని కోరుకోని గృహస్థు ఉండడు. ఆ కోరికను మన శాస్త్రాలు ఏనాడూ తప్పుపట్టలేదు. చతుర్విధ పురుషార్థాలలో అర్థానికి స్థానమిచ్చి, దానికి ముందు ధర్మాన్ని నిలిపాయి. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని నిందించరాదని, సమృద్ధిగా పెంపొందించాలని చెప్పి, అదే వ్రతమని విధించింది. ఉపవాసమొక్కటే వ్రతమని భావించేవారు గమనించదగిన మాట ఇది. తెల్లవారకముందే పొలం చేరే రైతు, నడుము వంచి నాట్లు వేసే కూలితల్లి ఆచరిస్తున్నది ఆ వ్రతాన్నే.

ఆ వ్రతఫలం మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో కళ్లకు కనిపిస్తుంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. వేలాది కూలీలు రాళ్లు మోసి ఆనకట్టను నిలబెట్టారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ నీరు చేరాక, వాన కోసం ఆకాశం వైపు చూసిన మెట్టభూములెన్నో మాగాణులయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుగాంచింది. కష్టే ఫలి అన్న పెద్దల మాట ఇక్కడ ప్రత్యక్ష సత్యం.

అయితే కాలువ మొదట ఉన్న రైతు, చివర ఉన్న రైతు ఒకేలా చెమటోడుస్తారు. నీటికి కరవు వచ్చిన ఏడు ముందుగా ఎండేది చివరి మడి. దానిని చూపి ఆ రైతును సోమరి అనడం, పూర్వజన్మ కర్మఫలమని చేతులు దులుపుకోవడం ధర్మం కాదు. తూము వద్ద వంతుకు మించి నీరు మళ్లించుకొని, పండిన ధాన్యంలో తొలి బస్తాను స్వామికి సమర్పించినా అది నైవేద్యం కాజాలదు. అందులో పొరుగువాని చెమట ఉన్నది.

అన్నాన్ని పెంచమన్న భృగువల్లియే, ఆ వెంటనే ఆశ్రయం కోరి వచ్చినవారిని కాదనరాదని మరొక వ్రతం చెప్పింది. మొదటిది కష్టించమంటుంది, రెండవది పంచుకోమంటుంది. ఒకటి విడిచి ఒకటి పట్టుకుంటే వ్రతభంగమే. సూర్యాపేట చెంత పిల్లలమర్రిలో 1208లో ఎరకసానమ్మ నిర్మింపజేసిన ఎరకేశ్వరాలయం నేటికీ నిలిచి ఉంది. దేవాలయ నిర్మాణంతో పాటు చెరువు తవ్వించడాన్నీ మన పెద్దలు సప్తసంతానాలలో చేర్చారు. గుడిలోని దైవం వలె చెరువులోని నీరు కూడా అందరిదని దాని అంతరార్థం.

నిత్యపూజా సంకల్పంలో ఆయురారోగ్య ఐశ్వర్యాలను కోరుకుంటాం. ఆ వేళ, నేటి నా సంపాదనలో నా చెమట ఎంత, నా వల్ల పొరుగువాని మడి ఎండలేదు కదా అని ప్రతి గృహస్థూ తనను తాను ప్రశ్నించుకోవాలి. నిస్సంకోచంగా సమాధానం చెప్పుకోగలిగిన ఇంట శ్రీమహాలక్ష్మి స్థిరనివాసం ఏర్పరచుకుంటుంది.