మన పిల్లలకి భాష రాదా? బడికే మన భాష రాదా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క మాట.

గోదారి ఒడ్డున కోయ గూడెం నుంచి ఐదేళ్ల పిల్ల మొదటిసారి బడికొచ్చిందనుకోండి. "ఏం తాగుతున్నావమ్మా?" అంటే "ఏరు" అంటుంది. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగొక్కటే తెలిసిన మాస్టారికి ఏరు అంటే వాగు. ఆయన నవ్వుతాడు. పిల్ల నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత ఆ పిల్లకి పడే పేరు "వెనకబడిన విద్యార్థి".

కొంచెం తెలుగు వచ్చాక అదే పిల్ల "ఆడోళ్లు వచ్చాయి" అంటుంది. "వాళ్లేమన్నా ఆవులా?" అని మళ్లీ నవ్వు. మరి తెలుగులో అమ్మా "వచ్చింది", ఆవూ "వచ్చింది" కదా! అప్పుడెవరికీ నవ్వు రాదేం? పదిమంది అయ్యాకే తెలుగు ఆడవాళ్లని మగవాళ్లతో కలిపి "వచ్చారు" అంటుంది. కోయ లెక్క వేరు. ఒక్కరైనా, పదిమందైనా మగవాళ్లు ఒకవైపు, మిగతా అంతా ఇంకోవైపు. పిల్ల తన భాష సూత్రాన్నే తెలుగులోనూ పక్కాగా పాటించింది. ఆ సూత్రం ఎవరూ నేర్పలేదు. వింటూ వింటూ తనే పట్టుకుంది. అంత తెలివి ఉన్న పిల్లకి భాష రాదంటారా?

కోయ తెలుగుకి యాస కాదు. తెలుగు, కోయ, గోండి, కువి ఒకే ద్రావిడ శాఖలో పుట్టిన తోబుట్టువులు. 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షలకు పైనే. ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో మాత్రం కోయ లేదు.

చదవడమంటే అక్షరాలు కూడబలుక్కుని, అంతకుముందే తెలిసిన మాటని గుర్తుపట్టడం. మాటే తెలియకపోతే మిగిలేది చప్పుడే. "ఇంగ్లీషు వద్దా, ఉద్యోగాలు వద్దా?" అంటారు. కావాలి, తెలుగూ కావాలి. కానీ చదవడం అనే విద్య ఒక్కసారే వస్తుంది. అర్థమయ్యే భాషలో వస్తే ఆ తర్వాత ఏ భాషకైనా తోడొస్తుంది.

ఇది మనం కొత్తగా చెప్పేది కాదు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలన్నది ఆయన పోరాటం. అదే గిడుగు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకున్నాడు, సవర పిల్లల కోసం పుస్తకాలు రాశాడు, 1931లో సవర భాష మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. దండలేసేవాళ్లు సగం గిడుగునే గుర్తుపెట్టుకున్నారు. తెలుగు పిల్లాడికి న్యాయమైంది కోయ పిల్లకి అన్యాయం ఎలా అవుతుంది?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. రాజ్యాంగంలో 350-ఎ అధికరణ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషలో బోధన అనే రాసింది, కాకపోతే "వీలైనంత వరకు" అని. ఆ వీలు ఇన్నేళ్లయినా మన గూడేలకి రాలేదు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టులో అది రిజర్వేషన్ శాతాల గొడవ. మన పిల్లకి మాత్రం "ఏరు" అంటే అర్థమయ్యే మనిషి బడిలో ఉంటారా లేదా అన్న గొడవ. పోలవరం ముంపుతో గూడేలు చెదిరి కాలనీలకి పోతుంటే ఆ గొడవ ఇంకా పెద్దదవుతోంది. అక్కడ చుట్టూ తెలుగే.

మనవైపూ తప్పుంది. రాజమండ్రి బస్సెక్కగానే ఫోన్లో అమ్మతో గొంతు తగ్గించి కోయ మాట్లాడేది మనమే కదా? ముందు ఆ గొంతు పెంచండి. గ్రామసభలో, బడి తల్లిదండ్రుల కమిటీలో ఒకటే అడగండి: ఒకటో తరగతిలో మా భాష తెలిసిన టీచరు ఏరి? మా భాషలో వాచకం ఏది?

తెలుగులో "మేము" వేరు, "మనం" వేరు. ఎదుటివాళ్లని కలుపుకుంటేనే మనం. వచ్చే ఆగస్టు 29న వేదిక మీద ఎవరైనా "మన భాష" అంటే లేచి అడగండి: ఆ మనంలో మేమున్నామా?

జోహార్.