రాగిరేకు మీద మిగిలిన రెక్క

రెంబ్రాంట్ పేరెత్తితే చాలు, "నబీల తస్వీర్లు చూడొచ్చా భాయ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. సవాల్ వాజిబే. మన ఇళ్లల్లో అలాంటి బొమ్మలు ఉండవు. గోడకు తగిలించుకోమని నేనూ అనను. ఒక ప్రింటు కిస్సా మాత్రం వినండి.

హెర్కులెస్ సెగెర్స్ అని హాలెండ్ చిత్రకారుడు. రాగిరేకు మీద కొండలు, చెట్లు చెక్కి, ముందు ఒక కుర్రాణ్ణి, తోడుగా ఫరిష్తాను నిలబెట్టాడు. ఆ కుర్రాడు తోబియా. కాథలిక్కుల బైబిల్లో ఉన్న కథ. వాళ్ల అబ్బా వతన్ పోగొట్టుకుని నీనెవెలో బతికిన జలావతన్.

తర్వాత ఆ రేకు రెంబ్రాంట్ చేతికొచ్చింది. 1653 ప్రాంతంలో ఆయన ఆ ఇద్దర్నీ గీకేసి, అదే జాగాలో చిన్న ఖాందాన్‌ను పెట్టాడు. గాడిద మీద బిడ్డతో బీబీ మరియమ్, కాలినడకన యూసుఫ్ నజ్జార్. పసివాణ్ణి హెరోదు చంపిస్తాడన్న ఖౌఫ్‌తో ఈజిప్టుకు పారిపోతున్నారు. ఈ సఫర్ మన ఖురాన్‌లో లేదు. కానీ ఆ తల్లీకొడుకులకు నీటి ఊట ఉన్న ఎత్తైన చోట అల్లాహ్ పనాహ్ ఇచ్చిన సంగతి సూరె మూమినూన్‌లో, 50వ ఆయత్‌లో ఉంది.

కొండల్ని రెంబ్రాంట్ చాలావరకు అలాగే వదిలేశాడు. ఫరిష్తా రెక్క కూడా పూర్తిగా పోలేదు. చెట్ల గుబురు పైన దాని జాడ ఇప్పటికీ కనిపిస్తుంది. రాగి ఆదా చేశాడనుకోండి, ఏమైనా అనుకోండి, ఒక బేఘర్ నిలబడిన చోటే ఇంకో బేఘర్ ఖాందాన్ నిలబడింది.

బీబీ హాజరా ఇల్లు వదిలే సీన్‌నూ ఆయన 1637లో చెక్కాడు. అందులో మొహాలు దగ్గరగా ఉంటాయి. ఏడుస్తున్న హాజరా, కిటికీలోంచి చూస్తున్న బీబీ సారా. చూడగానే మనం బహస్‌కు దిగుతాం: వెళ్లగొట్టారని వాళ్లు, కాదు అల్లాహ్ హుకుం అని మనం. ఈ కొండల ప్రింటులో ఆ బహస్‌కు చోటే లేదు. అంత పెద్ద జంగల్లో ఇంత చిన్న మనుషులు, రాత్రికి ఎక్కడ పడుకుంటారన్నదే ఫికర్. నాకు అదే గొప్పగా తోస్తుంది.

హిజ్రత్ బయాన్లు వింటూ కళ్లు తుడుచుకునేవాళ్లం మనం. బాలాపూర్ రోహింగ్యాల మాట వస్తే "ఎవరో ఏమో" అంటాం. నేనూ అన్నాను. పోయినేడు బిడ్డనెత్తుకుని ఒకామె మా మేడమీది గది కిరాయికి అడగడానికొచ్చింది. ఠాణా గొడవలకు భయపడి, సలాముకు జవాబైనా సరిగా చెప్పకుండా కాగజాత్ అడిగాను. ఆమె ఏమీ అనలేదు, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ గది రెండు నెలలు ఖాళీగానే ఉంది.