నాన్న కూడా నెలలు లెక్కపెడతాడు

నల్లపాడు జంక్షన్ మరీ పెద్ద స్టేషనేమీ కాదు. గుంటూరు నుంచి వచ్చే పట్టాలు ఇక్కడ రెండుగా చీలతాయి. ఒక దారి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా గుంతకల్లు వైపు పోతే, రెండోది సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా నడికుడి వైపు పోతుంది. బండి ఎటు వెళ్లేదైనా ఈ ప్లాట్‌ఫారానికి బాగా అలవాటైన దృశ్యం ఒకటుంది. చేతుల నిండా కొత్త గాజులతో ఒక అమ్మాయి, పక్కన సంచులు సర్దుకుంటున్న తల్లి, కిటికీ ఇవతల ఒక కుర్రాడు. "వేళకి తిను" అంటుంది అమ్మాయి. "నువ్వు జాగ్రత్త" అంటాడు అతను. తొలి కాన్పుకి కూతుర్ని పుట్టింటివాళ్లు తీసుకెళుతున్నారన్నమాట.

ఇక అమ్మాయిని చూసుకోవడానికి నలుగురుంటారు. ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయిన కుర్రాడి గురించి మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించరు.

నెల తప్పిన రోజు నుంచే ఇంట్లో గాలి మారుతుంది. వేవిళ్లు మొదలైతే నిన్నటిదాకా ఇష్టమైన కూర పొద్దున్నే శత్రువైపోతుంది. అర్ధరాత్రి చింతకాయ గుర్తొస్తుంది. అందులోనూ ఇది మిరప నేల. సంక్రాంతి దాటిందంటే కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరుతుంటాయి. గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, బారులు తీరతాయి. ఊరి గాలిలోనే ఘాటు ఉంటుంది. మామూలు మనిషికే తుమ్ములొస్తాయి, వేవిళ్ల మనిషి సంగతి చెప్పాలా? యార్డు నుంచో కోల్డ్ స్టోరేజీ నుంచో వచ్చిన మొగుడు చొక్కా బయటే దులిపి, ఒళ్లు కడుక్కుని గానీ గుమ్మం దాటడు. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. నాన్నతనం బహుశా అక్కడే, ఆ పెరటి నీళ్ల తొట్టి దగ్గరే మొదలవుతుంది.

మన పెద్దవాళ్లు ఇద్దరికీ నియమాలు పెట్టారు. ఆమె గ్రహణం చూడకూడదు. అతను కొబ్బరికాయ కొట్టకూడదు, పాడె మోయకూడదు, కొత్త ఇల్లు మొదలుపెట్టకూడదు. కొన్ని ఇళ్లలో క్షవరం కూడా మానేసేవారు. వీటిలో ఎంత శాస్త్రం, ఎంత భయం అన్నది పక్కన పెడదాం. ఆ పెరిగిన గడ్డం చూసి వీధిలో నాలుగు కళ్లు నవ్వేవి. "ఎన్నో నెలరా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. మొయ్యడం చేతకాని మనిషికి కూడా ఆ తొమ్మిది నెలల్లో ఏదో ఒక వాటా దొరికేది.

ఈ వాటా కోసం మగవాడు ఎంతదాకా వెళ్లాడో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 19వ శతాబ్దంలో గోదావరి వైపు పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడి ఎరుకల వారి ఆచారం ఒకటి రాసిపెట్టాడు. భార్యకు నొప్పులు మొదలవగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, ఆమెలా బొట్టు పెట్టుకుని, చిన్న దీపం వెలుగుతున్న చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాడట. పుట్టిన బిడ్డకు నీళ్లు పోసి అతని పక్కనే పడుకోబెట్టేవారట. ఇంగువ, బెల్లం వంటివి కూడా తల్లికి కాకుండా తండ్రికే పెట్టేవారట. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ తన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లోనూ ఈ సంగతి చేర్చాడు. ఇలాంటి ఆచారమే చైనాలోని యునాన్ ప్రాంతంలో ఉందని మార్కో పోలో 13వ శతాబ్దంలోనే చెప్పాడు.

ఎక్కడి యునాన్, ఎక్కడి గోదావరి! చదివితే ముందు నవ్వొస్తుంది. కాసేపు ఆలోచిస్తే ఆ చీకటి గదిలో పడుకున్న మనిషి మీద జాలి కలుగుతుంది. నొప్పి పంచుకోలేడు, పారిపోనూ లేడు. ఆమె చీరైనా కట్టుకుందామనుకున్నాడేమో.

ఇప్పటి శాస్త్రం కూడా అతన్ని పూర్తిగా తీసిపారేయడం లేదు. భార్య కడుపుతో ఉంటే కొందరు భర్తలకూ వికారం, పంటి నొప్పి వస్తాయనీ, కొందరు ఒళ్లు చేస్తారనీ వైద్యులు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. 2000లో కెనడా పరిశోధకులు కొన్ని జంటల రక్తం పరీక్షిస్తే, కాన్పు దగ్గరపడే కొద్దీ ఆమెలోనే కాదు, అతనిలోనూ హార్మోన్లు మారుతున్నట్టు కనిపించింది. కడుపులో బిడ్డ లేకపోయినా ఒంటికి కబురు అందుతుందన్నమాట.

ఆ కబురు అతనికి కాస్త ఆలస్యంగా చేరుతుందంతే. తొలిచూలులో తల్లికి బిడ్డ కదలిక అయిదో నెల ప్రాంతంలో తెలుస్తుంది. పైనుంచి చెయ్యి వేసిన తండ్రికి అందాలంటే ఇంకొన్ని వారాలు పడుతుంది. "ఇదిగో, ఇప్పుడే తన్నింది" అని ఆమె అనేలోపు, అతను చెయ్యి పెట్టేలోపు, లోపలివాళ్లు నిద్రపోతారు. అందుకేనేమో స్కానింగ్ గదిలో ఆమె కన్నా అతనే ఎక్కువ కంగారు పడతాడు. గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం 1958లో లోకానికి చూపిన ఆ మసక బొమ్మలు నాన్నలకు పెద్ద వరమే. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే ఆ గుండె చప్పుడు విన్నాక, అప్పటిదాకా మాటగా ఉన్న బిడ్డ అతనికి నిజమవుతుంది. ఆ రాత్రే పేర్ల వేట మొదలు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని సామెత. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది. సోమలింగమో సోమలక్ష్మో తేలాలంటే మాత్రం నెలలు నిండాల్సిందే.

సరిగ్గా అప్పుడే అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోతుంది. ఈ ఆచారంలో ఉన్న దయను కాదనలేం. ఒళ్లు బరువెక్కిన కూతురికి వంటింటి చాకిరీ తప్పుతుంది. కడుపు చలవ కోసం అమ్మ చేతి చలిమిడి ముద్ద దొరుకుతుంది. భయమేస్తే అమ్మ పక్కలో పడుకోవచ్చు. అయితే ఆ మంచితనానికి రెండో వైపు ఒక కుర్రాడు ఒంటరిగా అన్నం వండుకుంటుంటాడు. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు. ఒకప్పుడు ఇలాంటి కుర్రాళ్లకి ఉత్తరమో టెలిగ్రామో వచ్చేది. బిడ్డ నక్షత్రం బాగాలేదంటే శాంతి జరిగాక, నూనెలో నీడ చూశాకే తొలిచూపు. ఇప్పుడు వీడియో కాల్ వచ్చింది. ఎదురుచూపు మాత్రం అలాగే ఉంది.

సముద్రాలు దాటిన మన పిల్లల దగ్గర కథ తిరగబడింది. అమెరికాలో కాన్పు అంటే కూతురు పుట్టింటికి రాదు, పుట్టిల్లే పచ్చళ్లు, కాయం పొడి మూటగట్టుకుని విమానం ఎక్కుతుంది. అక్కడ కాన్పు గదిలో భార్య చెయ్యి పట్టుకుని నిలబడేది భర్తే. బొడ్డుతాడు కత్తిరించే కత్తెర కూడా చాలాచోట్ల అతని చేతికే ఇస్తారు. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన కుర్రాళ్లు కూడా ఆ గదిలో కళ్లు తుడుచుకున్నవాళ్లే. ఇక్కడి ఆసుపత్రి వరండాలో పచార్లు చేసే కుర్రాడి కళ్లూ అవే. కాకపోతే ఇక్కడ అతను వాటిని గోడ వైపు తిప్పుకుంటాడు.

కాన్పు ఆడదానికి పునర్జన్మ అంటారు. అందులో సందేహం లేదు. నొప్పి ఆమెది, ప్రాణం మీదికొచ్చేదీ ఆమెకే. ఆ లెక్కలో మొగుడికి వాటా అడగడం న్యాయం కాదు. కానీ ఎదురుచూడటంలో, భయపడటంలో, పిచ్చి ఆశలు పడటంలో అతనికీ వాటా ఉంది. "మగాడివి, నీకేమిట్రా" అని అతని నోరు మూయించిన ఇంట్లో, రేపు ఆ బిడ్డను ఎత్తుకోవడానికి కూడా అతను మొహమాటపడతాడు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో తొలిచూలు కోడలు ఉంటే, "ఏం తల్లీ, ఒంట్లో ఎలా ఉంది" అని ఎలాగూ అడుగుతారు. ఆమెను అడిగాక, అతన్ని కూడా ఒక్కమాట అడగండి. చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంటుంది.