దక్షిణదేశపు ద్రాక్షతోట

కోట దగ్గర స్వర్ణముఖిని చూసినవారికి 126వ కీర్తన 4వ వచనానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఈశాన్య రుతుపవనాల్లో వాయుగుండం పడితే రాత్రికి రాత్రే ఏరు గట్లు ఒరుసుకుంటుంది. 2021 నవంబరులో చూశాం. ఆ నీళ్లు ఎంతోకాలం నిలవవు, సముద్రంలో కలుస్తాయి. కీర్తనకారుడు తలచుకున్న దక్షిణదేశపు ప్రవాహాలూ అలాంటివే.

ఆ దక్షిణదేశమే నెగెవు, ఎత్తయిన ఎడారి. అక్కడి అవ్‌దాత్ పట్టణం సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. మన తీరంలో ఏడాదికి 1000 మిల్లీమీటర్ల పైచిలుకు వాన కురిస్తే, అక్కడ 100 కురవడమే గగనం. అయినా 5, 6 శతాబ్దాల్లో అక్కడి క్రైస్తవ రైతులు ద్రాక్ష పండించారు. ఆ ద్రాక్షారసం గాజా రేవు నుంచి ఓడలెక్కింది. అవ్‌దాత్, షివ్టాలలో చర్చిల శిథిలాలతోపాటు ద్రాక్షల తొట్లు నేటికీ ఉన్నాయి.

ఎలా పండించారు? వాన పడగానే ఆ నేల పైపొర బిగుసుకుంటుంది, నీరు ఇంకక జారిపోతుంది. ఆ జారే నీటినే వాళ్లు నమ్ముకున్నారు. కొండవాలున రాళ్లేరి కుప్పలు పోశారు. చిన్న కాలువలతో నీటిని పల్లానికి మళ్లించారు. వాగుకు అడ్డంగా వరుసగా రాతికట్టలు కట్టారు. పై మడి తడిశాకే మిగిలింది కింది మడికి. ఎకరం తోటకు ఇరవై ముప్పై ఎకరాల కొండనీరు కావాలి. మైకేల్ ఎవెనారి అనే వృక్షశాస్త్రవేత్త 1950ల చివర ఆ పాత పొలాలను బాగుచేసి సాగుచేస్తే మళ్లీ పంట పండింది. యెషయా 5వ అధ్యాయంలోని యజమాని కూడా తోటలో రాళ్లేరాడు. మనం ఆ మాట దాటేసి కారుద్రాక్షల దగ్గరకు పోతాం.

మన సంఘాల్లో ఏటా ఉజ్జీవసభలు జరుగుతాయి. మూడు రాత్రులు పందిరి నిండుతుంది. కన్నీళ్లు, తీర్మానాలు. వాటిని తక్కువ చేయడం లేదు, వాన వానే. కానీ చేయెత్తిన కుర్రవాడి ఇంటికి సోమవారం ఎవరు వెళ్లారు? అతని పేరు ఏ సంఘపెద్దకు గుర్తుంది? నెల తిరిగేసరికి బైబిలు తరగతిలో మళ్లీ ఆ పాత ఆరుగురే. వానకోసం ప్రార్థించమని మేమూ ఎన్నోసార్లు రాశాం. కట్టల గురించి రాసింది తక్కువే.

నెగెవు తోటలూ కలకాలం నిలవలేదు. పాత చెత్తకుప్పల్లో ద్రాక్షగింజలు లెక్కపెట్టిన పరిశోధకులు, 6వ శతాబ్దం మధ్య నుంచి సాగు తగ్గిందని 2020లో ప్రకటించారు. 541లో మొదలైన మహామారితో దూరదేశాల గిరాకీ పడిపోవడం ఒక కారణం కావచ్చంటున్నారు. రాతికట్టలు మాత్రం చాలాచోట్ల ఇంకా నిలిచే ఉన్నాయి.

ఈ వారం ఒక ఉజ్జీవసభల కరపత్రం మా చేతికొచ్చింది. ప్రసంగీకుల ఫొటోలున్నాయి, పాటల బృందం పేరుంది, భోజన వసతి వివరముంది. సభల తర్వాతి వారం గురించి ఒక్క పంక్తి లేదు.